ఇంజిన్ టెస్ట్ సెల్ పునరుద్ధరణ: షట్‌డౌన్‌లో చేయవలసిన పని, పాటించవలసిన క్రమం

విమాన ఇంజిన్లను పరీక్షించే టెస్ట్ సెల్ చూపరులకు దళసరి కాంక్రీటు గోడలున్న పెద్ద గదిలాగే కనిపిస్తుంది. అందువల్ల దాన్ని బాగుచేసే పనిని చాలాచోట్ల సివిల్ పనిగానో, పాత కేబుళ్లు తీసి కొత్తవి వేసే ఎలక్ట్రికల్ పనిగానో లెక్కగట్టి కాంట్రాక్టుకు ఇచ్చేస్తారు. నిజానికి ఆ గది అంతా కలిపి ఒక కొలత పరికరం. ఇంజిన్ ముందుకు గాలి ఏ వేగంతో వస్తోంది, గదిలోని పీడనం బయటి పీడనం కన్నా ఎంత తగ్గింది, జెట్ బయటికి వచ్చే ఇంజిన్ నాజిల్‌కూ వెనుక ఉన్న ఎగ్జాస్ట్ గొట్టానికీ మధ్య ఎంత ఎడం ఉంది అన్నవన్నీ కలిసి కంట్రోల్ రూమ్ తెర మీద కనిపించే థ్రస్ట్ (ఇంజిన్ తోపు బలం) అంకెను తేలుస్తాయి. గోడకున్న ధ్వని ప్యానెల్ ఒక్కటి మార్చినా ఆ పరికరాన్ని కదిలించినట్లే. సెల్‌ను మూసేముందు ఏం కొలవాలి, పని ఏ వరుసలో సాగాలి, తిరిగి తెరిచేముందు ఏం నిరూపించాలి అన్న ప్రశ్నలకు జవాబులన్నీ ఈ సంగతి నుంచే వస్తాయి.

మూసేముందు తీసుకోవలసిన కొలతలు

పని కోసం సెల్‌ను మూసి ఉంచే షట్‌డౌన్ మొదలయ్యాక పాత సెల్ ఎలా పనిచేసేదో తెలుసుకునే మార్గం ఉండదు. అప్పుడు రికార్డుల కోసం వెతకడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది. కాబట్టి పని మొదలుకావడానికి కొన్ని వారాల ముందే, పనితీరు బాగా తెలిసిన ఒక ఇంజిన్‌ను ఎంచుకుని, వేర్వేరు రోజుల్లో కనీసం రెండుసార్లు పూర్తి స్థాయిలో నడిపి, ప్రతి పవర్ సెట్టింగ్ దగ్గరా థ్రస్ట్, ఫ్యాన్ వేగం, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత, ఇంధన ప్రవాహం, వైబ్రేషన్ నమోదు చేయాలి. ఈ అంకెలను 15 డిగ్రీల సెల్సియస్, 101.325 కిలోపాస్కల్ అనే ప్రామాణిక వాతావరణానికి మార్చి భద్రపరచాలి. ఇంజిన్ అంకెలతో పాటు సెల్ అంకెలు కూడా తీసుకోవాలన్నది చాలామంది మరచిపోయే విషయం. గది ముందుభాగంలోనూ వెనుకభాగంలోనూ స్థిర పీడనం ఎంత, ఇంజిన్ ముందు బిగించే గంట ఆకారపు గాలి మూతి అయిన బెల్‌మౌత్ చుట్టూ నాలుగైదు చోట్ల గాలి ఉష్ణోగ్రతలో తేడా ఎంత, ఆవరణ సరిహద్దు దగ్గర శబ్దం ఎంత అన్నవి కూడా అదే రోజు రాసుకోవాలి.

ఆపైన కొలతల టేపు, లేజర్ పరికరం పట్టుకుని సెల్‌లోకి వెళ్లాలి. ఇంజిన్ మధ్యరేఖ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, పక్క గోడల నుంచి ఎంత దూరంలో ఉంది, నాజిల్ అంచు నుంచి ఎగ్జాస్ట్ గొట్టం నోటి వరకు ఎంత ఎడం ఉంది అన్నవి మిల్లీమీటర్లలో నమోదు కావాలి. ఆగ్మెంటర్ అని పిలిచే ఆ గొట్టం పొగను బయటికి పంపడంతో సరిపెట్టుకోదు. ఇంజిన్ జెట్ దానిలోకి దూసుకుపోతూ చుట్టూ ఉన్న గాలిని కూడా తనతో లాక్కుపోతుంది. ఆ ఎడం మారితే లాక్కుపోయే గాలి మారుతుంది, గదిలో గాలి వేగం మారుతుంది, చివరకు థ్రస్ట్ కొలత మారుతుంది. ఆరుబయట నడిపినప్పటి కన్నా గదిలో నడిపినప్పుడు థ్రస్ట్ తక్కువగా కనిపించడానికీ, ప్రతి సెల్‌కూ ప్రతి ఇంజిన్ రకానికీ విడివిడిగా దిద్దుబాటు గుణకాలు ఉండడానికీ కారణం ఇదే.

ఈ పరీక్షకు వాడిన ఇంజిన్‌నూ, దానితో వాడిన బెల్‌మౌత్‌నూ, అదనపు సామగ్రినీ తుప్పు పట్టకుండా ప్రిజర్వేషన్ చేసి పక్కన పెట్టాలి. షట్‌డౌన్ ముగిసేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. ఉత్పత్తి విభాగం ఆ ఇంజిన్‌ను విమానానికి ఇచ్చేయమని తప్పకుండా ఒత్తిడి తెస్తుంది. ఆ ఒత్తిడికి లొంగకుండా ఉండేందుకు ముందుగానే రాతపూర్వకమైన అనుమతి తీసుకోవడం మంచిది.

పని పరిధి, సమయం

పరిధిని నిర్ణయించేటప్పుడు రాబోయే ఇంజిన్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎయిర్‌బస్ ఏ320 విమానాల కుటుంబంలో సీఎఫ్ఎం56-5బీ ఇంజిన్ ఫ్యాన్ వ్యాసం 68.3 అంగుళాలు కాగా, దాని స్థానంలో వచ్చిన లీప్-1ఏ ఫ్యాన్ వ్యాసం 78 అంగుళాలు. బైపాస్ నిష్పత్తి (ఇంజిన్ మధ్య భాగం గుండా పోయే గాలికి, దాని చుట్టూ ఫ్యాన్ నెట్టే గాలి ఎన్ని రెట్లన్నది) ఆరు లోపు నుంచి పదకొండుకు చేరింది. థ్రస్ట్ దాదాపు అదే శ్రేణిలో ఉంది గనుక ఇంజిన్‌ను మోసే థ్రస్ట్ ఫ్రేమ్ బలం సరిపోతుందని లెక్క తేలవచ్చు, కానీ ఇంజిన్ మింగే గాలి చాలా పెరిగింది. గాలి దారి అంతే వెడల్పున ఉండి, కావలసిన గాలి పెరిగితే గదిలో వేగం పెరుగుతుంది, ఇంజిన్ పక్కనుంచి పోయే గాలి వాటా తగ్గుతుంది. ఆ వాటా మరీ తగ్గినప్పుడు వేడి గాలి తిరిగి ముందుకు రావడం, నేల మీదినుంచి సుడి లేచి ఇంజిన్‌లోకి దూరడం మొదలవుతాయి. అందుచేత ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మార్పులను కాగితం మీదే గాలి ప్రవాహ లెక్కలతో సరిచూసుకున్న తర్వాతే ఆర్డర్లు ఇవ్వాలి.

బలాన్ని కొలిచే లోడ్ సెల్స్, ఫ్లో మీటర్లు, ధ్వని ప్యానెళ్లు రావడానికి నెలలు పడుతుంది. అవన్నీ స్టోరుకు చేరి, తనిఖీ పూర్తయ్యేదాకా సెల్‌ను మూయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. దారిలో ఉన్న సామాను మీద భరోసాతో గోడలు విప్పినవాళ్లు ఆ తర్వాత వారాల తరబడి ఖాళీ చట్రాలను చూస్తూ కూర్చోవలసి వస్తుంది. మొత్తం షట్‌డౌన్‌లో చివరి మూడో వంతు సమయాన్ని పరికరాలను పరీక్షించి నడిపే కమిషనింగ్‌కూ, కొత్త కొలతలను పాతవాటితో సరిపోల్చి గుణకాలు తేల్చే కోరిలేషన్‌కూ కేటాయించి, సివిల్ పని ఎంత ఆలస్యమైనా అందులోకి చొరబడకుండా కాపాడుకోవాలి. పాత సెల్స్‌లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ గనుక, ప్యానెళ్ల లోపలి పీచు నమూనాలను ముందే లాబ్‌కు పంపాలి. కూల్చడం మొదలయ్యాక అది బయటపడితే పని అక్కడికక్కడే ఆగిపోతుంది.

మనుషులు లోపలికి వెళ్లేముందు

సెల్‌లో శక్తి అనేక రూపాల్లో దాగి ఉంటుంది. ఇంధనం, స్టార్టర్‌కు ఇచ్చే కంప్రెస్డ్ ఎయిర్, హైడ్రాలిక్ పీడనం, విద్యుత్తు, పైన వేలాడే క్రేన్, మంటలార్పే వాయువు వీటిలో ప్రతిదాన్నీ విడివిడిగా ఆపి, తాళం వేసి, ట్యాగ్ కట్టాలి. లోపల పనిచేసే ప్రతి మనిషీ తన సొంత తాళం వేసుకోవాలి, తాళం చెవి తన జేబులోనే ఉంచుకోవాలి. ఇంధన లైను విషయంలో వాల్వ్ మూసి ఉందన్న నమ్మకం చాలదు. పైపును విప్పి, రెండు ఫ్లాంజీల మధ్య బ్లైండ్ ప్లేటు బిగించాలి.

కార్బన్ డయాక్సైడ్ వ్యవస్థ ఉన్న సెల్‌లో మరింత జాగ్రత్త అవసరం. గది మొత్తాన్ని నింపేలా రూపొందించిన ఇలాంటి వ్యవస్థల్లో గాలిలో ఆ వాయువు వాటా 34 శాతానికి తగ్గకుండా ఉంటుంది, అందులో మనిషి కొద్ది శ్వాసలకే స్పృహ కోల్పోతాడు. వెల్డింగ్ పొగకో, డిటెక్టర్ వైరు తెగినందుకో ఆ వ్యవస్థ విడుదల కాకుండా సిలిండర్ల యాక్చుయేటర్లను భౌతికంగా విప్పి పక్కన పెట్టాలి. అది పనిచేయని రోజులన్నిటా చేతి ఎక్స్‌టింగ్విషర్లు, నీటి గొట్టం, నిఘాకు మనిషి సిద్ధంగా ఉండాలి. ఆగ్మెంటర్, ఎగ్జాస్ట్ స్టాక్, నేల కింది డ్రెయిన్ గుంటలు ఇరుకు ప్రదేశాల కిందికి వస్తాయి గనుక ఆక్సిజన్, మండే వాయువుల పరీక్ష జరిగాకే లోపలికి దిగాలి.

వెల్డింగ్ పర్మిట్ ఇచ్చేవారు ఒక విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. జెట్ ఏ-1 ఇంధనం ఫ్లాష్ పాయింట్ (దాని ఆవిరి నిప్పుకు అంటుకునే కనీస ఉష్ణోగ్రత) కనీసం 38 డిగ్రీలు కాబట్టి మామూలు ఉష్ణోగ్రతలో అది సులభంగా అంటుకోదని అనుకుంటారు. కానీ ఏళ్ల తరబడి చిన్న చిన్న లీకుల వల్ల ఇంధనం పీల్చుకున్న, ప్యానెళ్లలో నింపే మినరల్ ఊల్ పీచు దీపం వత్తిలా పనిచేస్తుంది. పైకి పొడిగా కనిపించే ప్యానెల్ వెనుక ఉన్న పీచుకు ఒక్క నిప్పురవ్వ చాలు. అందువల్ల వెల్డింగ్ జరిగే చోటికి చుట్టూ 11 మీటర్ల దూరంలోపు ఉన్న ప్యానెళ్లను తీసేయాలి, తీయలేకపోతే అగ్నిని తట్టుకునే దుప్పట్లతో కప్పాలి. పని ముగిశాక కూడా కనీసం గంటసేపు కాపలా మనిషి అక్కడే ఉండాలి.

గాలి వచ్చే దారి, పోయే దారి

ఇన్‌టేక్ వైపున్న ధ్వని బేఫిల్స్ చిల్లుల రేకుల మధ్య మినరల్ ఊల్ నింపిన పలకలు. కాలం గడిచేకొద్దీ ఆ పీచు తన బరువుకే కిందికి జారి, పైభాగం ఖాళీ అవుతుంది. రేకు మీద చేత్తో తట్టుతూ పైకి పోతే ఎక్కడ బోలు మొదలైందో చప్పుడులోనే తెలుస్తుంది. పలకను మార్చాలా, పీచును మాత్రమే నింపాలా అన్నది ఆ తనిఖీ మీద ఆధారపడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంజిన్‌కు ముందువైపు వాడే ప్రతి బోల్టూ, ప్రతి రివెట్టూ ఏదో ఒకనాడు ఊడిపోతే నేరుగా ఫ్యాన్‌లోకి వెళ్లేదే. స్ప్రింగ్ వాషర్ మీద ఆధారపడకుండా, లాక్‌వైర్‌తోనో ట్యాక్ వెల్డ్‌తోనో వాటిని కట్టిపడేయాలి. గాలిని సరిచేసే జాలీ చిరిగిన చోట అతుకు వేయడం కన్నా మొత్తం జాలీని మార్చడం మేలు. అతుకు వేసిన చోట గాలికి అడ్డు ఎక్కువై ఇంజిన్ ముఖం మీద ప్రవాహం అసమానమవుతుంది.

ఎగ్జాస్ట్ వైపు సమస్య వేడి. ఆగ్మెంటర్ చివర ఉండే చిల్లుల బుట్టలో పగుళ్లు చిల్లు అంచునుంచే మొదలవుతాయి. ఆ భాగాలు వేడికి సాగేందుకు వీలుగా బోల్టు రంధ్రాలను కోలగా వదులుతారు. సంగతి తెలియని ఫిట్టర్ ఆ బోల్టును పూర్తి టార్క్‌తో బిగిస్తే, సాగలేని రేకు తన దారి తాను వెతుక్కుని చీలుతుంది. అలాంటి బోల్టుల పక్కనే పెయింట్‌తో గుర్తు పెట్టించడం చిన్న పనే అయినా చాలా ఉపయోగపడుతుంది. చివరగా ఆగ్మెంటర్ మధ్యరేఖ ఇంజిన్ మధ్యరేఖతో కలుస్తోందో లేదో లేజర్‌తో చూసి, పాత అంకెతో పోల్చాలి.

థ్రస్ట్ ఫ్రేమ్

పునరుద్ధరణలో అత్యంత సున్నితమైన భాగం ఇదే. ఇంజిన్‌ను మోసే చట్రం పైకప్పుకో, నేలకో బిగించిన స్థిర చట్రం నుంచి సన్నని ఉక్కు పలకల మీద వేలాడుతుంది. ఫ్లెక్షర్లని పిలిచే ఆ పలకలు థ్రస్ట్ దిశలో మాత్రమే కాస్త వంగుతాయి. ఇంజిన్ తోసినప్పుడు కదిలే చట్రం ఏ అడ్డూ లేకుండా లోడ్ సెల్ మీదికి రావాలి. స్థిర చట్రం నుంచి కదిలే చట్రానికి వెళ్లే ఇంధన గొట్టాలు, గాలి గొట్టాలు, కేబుళ్లు అన్నీ ఆ కదలికకు ఎంతో కొంత అడ్డుపడతాయి. కాబట్టి అవి థ్రస్ట్ దిశకు అడ్డంగా, వదులైన వంపుతో దాటాలి.

కొత్త కేబుళ్లు వేసిన ఎలక్ట్రీషియన్ అందంగా ఉండాలని వాటన్నిటినీ ఒక కట్టగా చేర్చి, ప్లాస్టిక్ టైలతో గట్టిగా బిగించి, రెండు చట్రాలకూ కట్టేయడం నేను స్వయంగా చూశాను. చూడడానికి ఎంతో శుభ్రంగా ఉన్న ఆ కట్ట నిజానికి ఒక స్ప్రింగుగా మారింది. తెలిసిన బలంతో కొలతను సరిచూసే కాలిబ్రేషన్‌లో లోడ్ పెంచేటప్పుడు వచ్చిన అంకెకూ, దించేటప్పుడు వచ్చిన అంకెకూ పొంతన కుదరలేదు. రెండు రోజులు లోడ్ సెల్‌ను అనుమానించిన తర్వాత ఎవరో ఆ టైలను కత్తిరించి చూశారు, తేడా అక్కడితో పోయింది. పెంచేటప్పటికీ దించేటప్పటికీ తేడా కనిపిస్తే ఎక్కడో ఏదో తగులుతోందని అర్థం. ఫ్రేమ్ చుట్టూ సన్నని ఫీలర్ గేజ్ పట్టుకుని తిరిగితే, కొత్తగా వేసిన పెయింట్ కూడా కొన్నిచోట్ల ఎడాన్ని పూడ్చిన సంగతి బయటపడుతుంది.

కాలిబ్రేషన్ కోసం గుర్తింపు పొందిన ప్రయోగశాల సర్టిఫికెట్ ఉన్న మాస్టర్ లోడ్ సెల్ వాడాలి. లోడ్ సెల్ ఉన్న రేఖలో లాగడం తేలికే గానీ, ఇంజిన్ తోసేది తన మధ్యరేఖలో. ఆ రెంటి మధ్య ఎత్తు తేడా వల్ల పుట్టే తిప్పుడు బలం ఫ్లెక్షర్ల మీద పడుతుంది, అది కూడా కొలతలోకి రావాలంటే ఇంజిన్ మధ్యరేఖ వెంటే లాగాలి. అలాగే గొట్టాలన్నీ కలిపి ఉంచి, వాటిలో మామూలు పీడనం నింపి కాలిబ్రేషన్ చేయాలి. ఖాళీగా ఉన్నప్పుడు మెత్తగా వంగే గొట్టం పీడనం ఎక్కగానే బిర్రుగా తయారవుతుంది.

కొలతల కేబుళ్లు, ఇంధన లైన్లు

ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతకు వాడే కె-టైపు థర్మోకపుల్ (రెండు లోహపు తీగల ఉష్ణోగ్రత సెన్సార్) విషయంలో రంగులు మోసం చేస్తాయి. అమెరికా పద్ధతిలో పసుపు తీగ పాజిటివ్, ఎరుపు తీగ నెగటివ్. అంతర్జాతీయ ఐఈసీ పద్ధతిలో ఆకుపచ్చ పాజిటివ్, తెలుపు నెగటివ్. ఎరుపు అనగానే పాజిటివ్ అని చేతికి అలవాటైన ఎలక్ట్రీషియన్ రెండు తీగలనూ తారుమారు చేస్తాడు. జంక్షన్ బాక్సు దగ్గరా, తీగ అవతలి చివరా రెండుచోట్లా తారుమారైతే రీడింగ్ పూర్తిగా పోదు, బాక్సు ఉష్ణోగ్రతను బట్టి కొన్ని డిగ్రీలో, కొన్ని పదుల డిగ్రీలో తప్పుతుంది. తప్పని పట్టుకోవడానికి వీలులేనంత నమ్మకంగా తప్పుతుంది. అందుకే ప్రతి ఛానెల్‌నూ ఇంజిన్ వైపు కనెక్టర్ దగ్గర సిమ్యులేటర్‌తో ఉత్తేజపరచి, కంట్రోల్ రూమ్ తెర మీద అదే విలువ వస్తోందో లేదో ఒకటొకటిగా చూడాలి. వందలాది ఛానెళ్లకు ఇలా చేయడం విసుగు పుట్టించే పనే అయినా దీనికి దగ్గరి దారి లేదు. పీడనం గొట్టాలను నింపి, మూసి, కొన్ని నిమిషాలు పీడనం నిలుస్తోందో లేదో గమనించాలి.

బారోమీటర్‌ను కొత్త క్యాబినెట్‌తో పాటు పై అంతస్తుకు మార్చినట్లయితే ఎత్తు దిద్దుబాటు కూడా మార్చాలి. సముద్రమట్టానికి దగ్గర్లో ఒక్కో మీటరుకు పీడనం సుమారు 12 పాస్కల్స్ తగ్గుతుంది. పది మీటర్ల తేడా దాదాపు 0.12 శాతం అవుతుంది, అది దిద్దిన థ్రస్ట్ అంకెలోకి నేరుగా ప్రవేశిస్తుంది. కొత్త డేటా వ్యవస్థలోకి పాత గుణకాలను చేత్తో ఎక్కించేటప్పుడు యూనిట్లను ఇద్దరు మనుషులు వేర్వేరుగా సరిచూడాలి.

ఇంధన పైపుల్లో జింకు పూత ఉన్న ఇనుమును గానీ, రాగిని గానీ వాడకూడదు, అవి ఇంధనం వేడిని తట్టుకునే గుణాన్ని చెడగొడతాయి. నీటితో పీడన పరీక్ష చేసి ఉంటే పైపులను పూర్తిగా ఆరబెట్టి, ఇంజిన్ స్థానంలో జంపర్ గొట్టం పెట్టి ఇంధనాన్ని తిప్పుతూ, ఫిల్టర్ శుభ్రంగా వచ్చేదాకా ఫ్లషింగ్ కొనసాగించాలి.

శుభ్రత

పని ముగిశాక సెల్‌ను పైనుంచి కిందికి శుభ్రం చేయాలి. వాక్యూమ్, తడిగుడ్డ, నేల మీద అయస్కాంతం ఈ వరుసలో నడపాలి. దీపాలన్నీ ఆపి, టార్చిలైటును నేలకు ఆనించినట్లు అడ్డంగా వేస్తే పగటి వెలుతురులో కనిపించని వైరు ముక్కలు పొడవైన నీడలతో బయటపడతాయి. లోపలికి వెళ్లిన పనిముట్ల లెక్కా, బయటికి వచ్చిన వాటి లెక్కా కలవకపోతే, లోపించింది ఒక్క సాకెట్ అయినా సరే, అది దొరికేదాకా ఇంజిన్‌ను లోపలికి తేకూడదు.

తిరిగి నడపడం

ముందుగా ఇంజిన్ లేకుండానే మంటల డిటెక్టర్లు, ఇంధనం ఆపే వాల్వ్, ఎమర్జెన్సీ స్టాప్, తలుపుల ఇంటర్‌లాకులు పరీక్షించాలి. ఇంజిన్ టెస్ట్ సదుపాయాల నిర్మాణానికీ అగ్ని రక్షణకూ అమెరికా అగ్ని రక్షణ సంఘం వారి ఎన్ఎఫ్‌పీఏ 423 అనే ప్రత్యేక ప్రమాణమే ఉంది. తనిఖీ పట్టికను దాని ఆధారంగా తయారుచేసుకుంటే ఏదీ జారిపోదు. తర్వాత విలువ తక్కువైన, పాడైనా పెద్ద నష్టం లేని ఇంజిన్ ఒకటి ఎక్కించాలి. ఎంత ఊడ్చినా బేఫిల్స్ మూలల్లో ఏదో ఒకటి మిగిలే ఉంటుంది, మొదటి రన్‌లో దాన్ని మింగవలసింది ఆ ఇంజినే. ఇంధనం లేకుండా తిప్పి చూసి, ఆపై ఐడిల్ (కనీస వేగం) దగ్గర నిలిపి లీకులు వెతికి, ఒక్కో మెట్టు పైకి పోతూ, ప్రతి మెట్టు దగ్గరా గది పీడనాన్నీ, బెల్‌మౌత్ ఉష్ణోగ్రతలనూ పాత అంకెలతో పోల్చాలి. పూర్తి పవర్ తర్వాత ఫ్యాన్ బ్లేడ్లనూ, ఇన్‌టేక్ బోల్టులనూ దగ్గరగా పరిశీలించాలి.

ఇవన్నీ తృప్తికరంగా ఉన్నప్పుడే భద్రపరచిన ఇంజిన్‌ను బయటికి తీసి కోరిలేషన్ మొదలుపెట్టాలి. ఈ పనికి అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2002లో వెలువరించిన సలహా పత్రం ఏసీ 43-207, టర్బోఫ్యాన్ సెల్స్ కోసం ఇంజినీర్ల సంస్థ ఎస్ఏఈ రూపొందించిన ఏఆర్‌పీ 741 విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. ఇంజిన్, బెల్‌మౌత్, సామగ్రి అన్నీ షట్‌డౌన్‌కు ముందు వాడినవే కావాలి. వాన లేని, గాలి తగ్గి ఉన్న వేళల్లో వేర్వేరు రోజుల్లో రన్లు చేసి, ఫలితాలు తమలో తాము కలుస్తున్నాయని తేలాకే కొత్త గుణకాలు లెక్కించాలి. ఆ గుణకాలు ఇంజిన్ రకం వారీగా వేరువేరుగా ఉంటాయి, ఒకదానికి వచ్చింది మరొకదానికి పనికిరాదు.

ఈ దశలో షెడ్యూలు ఒత్తిడి తీవ్రంగా ఉంటుంది. అంకె అర శాతం తక్కువగా వచ్చినప్పుడు కారణం వెతకకుండా గుణకాన్నే అర శాతం పెంచి ముందుకు పోదామన్న సూచన వినిపిస్తుంది. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ అంగీకరించకూడదు. గుణకం సెల్‌లోని గాలి ప్రవాహాన్ని సరిదిద్దడానికి ఉన్నది, తగులుతున్న ఫ్రేమ్‌నో, తారుమారైన థర్మోకపుల్‌నో కప్పిపెట్టడానికి వాడితే, బలం తక్కువైన ఇంజిన్ పాసై రెక్క కిందికి చేరుతుంది. తేడా వచ్చినప్పుడు ముందు థ్రస్ట్ కాలిబ్రేషన్ మళ్లీ చేయాలి, తర్వాత ఆగ్మెంటర్ ఎడం, ఆ తర్వాత బారోమీటర్, ఇంధన మీటర్ చూడాలి. కారణం దాదాపు ఎప్పుడూ ఈ నాలుగింటిలోనే దొరుకుతుంది.

అనుమతి వచ్చి సెల్ తెరిచాక, మొదటి పది పన్నెండు ఇంజిన్ల ఫలితాలను రోజువారీగా గ్రాఫ్ మీద గుర్తిస్తూ పోవాలి. అన్నీ ఒకే వైపుకు కొద్దికొద్దిగా జరుగుతుంటే ఫ్లెక్షర్ల దగ్గరికీ, గొట్టాల వంపుల దగ్గరికీ మరోసారి వెళ్లాలి. ఇన్‌టేక్ బోల్టులను మొదటి నెలలో వారానికొకసారి, ఆ తర్వాత మామూలు తనిఖీ పట్టిక ప్రకారం చూస్తే సరిపోతుంది.